పది గంటల బెల్లు

1983 ఆగస్టు 12, శుక్రవారం. ముసురు. ఉదయం పరీక్ష హాలు ముందు వరండాలో ఉన్నవారు: పరీక్షల ఇన్‌ఛార్జిగా జూనియర్ అసిస్టెంటు, సీనియర్ అసిస్టెంటు, హెడ్డాఫీసు నుంచి వచ్చిన అబ్జర్వరు, అటెండరు, సూపరింటెండెంటుగా నేను. లేనివారు: డైరెక్టరుగారు, హెడ్డాఫీసులో మీటింగు. రాలేనివారు: వాగు అవతల ఆగిపోయిన అభ్యర్థులు.

ఆ రోజు నా డైరీ ఇలాగే మొదలవుతుంది. ఆఫీసు మీటింగుల మినిట్సు రాసీ రాసీ ఇంట్లో డైరీ కూడా అదే తీరున రాయడం అలవాటైంది. మా ఆవిడ ఒకసారి పేజీలు తిప్పి, "మన పెండ్లినాడు గూడ హాజరైనవారు అని రాసుకున్నవా ఏంది?" అని అడిగింది. రాసుకున్నాను.

ఇప్పుడు నేను ఖమ్మం ఖానాపురం హవేలిలో ఉంటున్నాను. మా వీధిలో ఒక అబ్బాయి విశ్వవిద్యాలయం ఆఫీసులో పని చేస్తాడు. మంచివాడు, చురుకైనవాడు. మొన్న గేటు దగ్గర స్కూటరు ఆపి, "మనదేముంది అంకుల్, పైవాళ్లు చెప్తే చేస్తం, లేకపోతే కూర్చుంటం" అన్నాడు నవ్వుతూ. ఆ మాట విన్నాక పాత డైరీ తీశాను. ఇది అతని కోసమూ, అతని వయసు వాళ్ల కోసమూ రాస్తున్నాను.

మాది ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే దారిలో, అడవి మొదలయ్యే చోట, ఒక కిరాయి బిల్డింగులో నడిచే చిన్న కేంద్రం. కాలేజీకి వెళ్లలేక ఇంటి దగ్గరే డిగ్రీ చదువుకునేవారికి పాఠాల పుస్తకాలు ఇవ్వడం, ఫీజులు కట్టించుకోవడం, పరీక్షలు పెట్టడం మా పని. ఏన్కూరు వైపు రైతుల పిల్లలు, బొగ్గు గనుల కార్మికులు, ఎక్కువగా గూడేల్లో ఏకోపాధ్యాయ బడులు నడిపే పంతుళ్లు మా దగ్గర చదివేవారు. ఆ పంతుళ్లకు డిగ్రీ అంటే కొలువు నిలబడటం.

మొదటి ఆరేళ్లు మాకొక ఆఫీసరు ఉండేవాడు. నిజాయితీపరుడు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆయనకు తెలియకుండా ఆఫీసులో ఈగ వాలకూడదు. ప్రతి కాగితం కింద మేము "ఉత్తర్వుల నిమిత్తం" అని రాసి పెట్టాలి. ఆయన వారానికొకసారి వచ్చి, మా అందరి ఎదుటా వాటిని చదివి, సగం తిప్పి పంపేవాడు.

అప్పట్లో మా సీనియర్ అసిస్టెంటు ఆఫీసు మొత్తానికి మెరుపులాంటివాడు. ఒక పరీక్ష ఉదయం ఎవరో గూడెం పంతులు హాల్ టికెట్ వానలో తడిసి ముద్దయిందని ఏడుస్తూ వచ్చాడు. సీనియర్ అసిస్టెంటు దరఖాస్తు మీది ఫోటో చూసి, మనిషిని చూసి, అక్కడికక్కడే ఇంకోటి రాసిచ్చాడు. మనిషి సరైనవాడే, టికెట్ సరైనదే. అయినా "ఉత్తర్వులు లేకుండా" చేసినందుకు మెమో వచ్చింది. ఇంక్రిమెంటు ఆగింది. ఆ రోజు నుంచి అతను ఆఫీసుకు వచ్చేవాడు, సంతకం పెట్టేవాడు, కూర్చునేవాడు. ఏదడిగినా ఒకటే మాట. "ఆర్డర్ ఉందా?"

ఒక వానాకాలం అతని టేబులు మీద కప్పు కారడం మొదలైంది. టేబులు అటు జరుపుకోమన్నాను. "ఆర్డర్ ఉందా సార్?" అన్నాడు. నవ్వులాటకు అంటున్నాడనుకున్నాను. మరునాడు ఇంటి నుంచి గొడుగు తెచ్చుకుని, ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ఫైలు రాస్తూ కూర్చున్నాడు. వానాకాలం పోయేదాకా అలాగే కూర్చున్నాడు. వచ్చినవాళ్లు చూసి నవ్వేవారు. అతను నవ్వేవాడు కాదు.

మా అటెండరు సంగతీ చెప్పాలి. వరండాలో వేలాడదీసిన రైలు పట్టా ముక్కే మా బెల్లు. పరీక్ష రోజు సరిగ్గా పది గంటలకు పొడుగ్గా ఒక బెల్లు కొడితే ప్రశ్నపత్రాల కట్టలు విప్పాలి. ఒకసారి లోపల ఎవరికో మంచినీళ్లిస్తూ కొంచెం ఆలస్యంగా కొట్టాడని ఆ ఆఫీసరు అతనికి ఒక పూట జీతం కోశాడు. "ఇల్లు కాలిపోయినా సరే, పదికి బెల్లు పడాలె" అన్నాడట. అప్పటి నుంచి ఆ మనిషి పదవుతుంటే ఎవరి ముఖమూ చూసేవాడు కాదు. గోడ గడియారం వైపే చూసేవాడు.

తరువాత వచ్చిన డైరెక్టరుగారిది కోస్తా. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ప్రొఫెసరు. మొదటి మీటింగులో ఆయన అన్న మాట రాసి పెట్టుకున్నాను: "మీ పని మీకు తెలుసండీ. నన్ను అడక్కండి. చేసి, చెప్పండి. తేడా వస్తే నేనున్నాను."

బయటికి రాగానే సీనియర్ అసిస్టెంటు పెదవి విరిచాడు. "పాతాయన మన చేతులు కట్టేసిండు. ఈయనేమో తన చేతులు దులుపుకుంటుండు. రేపు మెమో వస్తే గీ మాట కాగితం మీద ఉందా సార్?"

నాకూ నమ్మకం కలగలేదు. ఇన్నేళ్లు నడిపించినవాడి నీడలో నడిచి, ఒక్కసారి ముందు నడవమంటే కాళ్లు తడబడతాయి. ఆయన రెండు నెలలు ఎదురుచూశారు. మేము అడగడం మానలేదు. ఆయన "మీరేమనుకుంటున్నారు?" అని తిరిగి అడగడం మానలేదు. వాన మొదలైంది. సీనియర్ అసిస్టెంటు గొడుగు తెరిచాడు. డైరెక్టరుగారు ఏదో పని మీద ఆ గదిలోకి వచ్చి ఆ దృశ్యం చూశారు. నవ్వలేదు, మందలించలేదు. చేతిలో ఫైలు కిటికీలో పెట్టి, టేబులు ఒక చివర తానే ఎత్తి పట్టుకున్నారు.

"ఆ చివర పట్టుకోండి మాస్టారూ," అన్నారు.

టేబులు గోడ పక్కకు వచ్చింది. సీనియర్ అసిస్టెంటు గొడుగు మడిచి చాలాసేపు చేతిలోనే పెట్టుకున్నాడు. ఆ నెలలోనే, ఎవరూ చెప్పకుండా, ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న మార్కుల మెమోలన్నీ ఊళ్లవారీగా సర్ది పోస్టు చేశాడు. మెరుపు తిరిగి వచ్చింది కానీ నోటి దురుసు పోలేదు.

ఆ శుక్రవారం నాటికి జూనియర్ అసిస్టెంటు మా దగ్గర చేరి రెండేళ్లు కావస్తోంది. టేకులపల్లి అవతల ఒక గూడెం నుంచి వచ్చిన అమ్మాయి. వాళ్లింట్లో నెల జీతం చూసిన మొదటి మనిషి. నెమ్మదిగా మాట్లాడేది. డైరెక్టరుగారు పరీక్షల సెక్షన్ ఆమె చేతిలో పెట్టారు. ఆ సంవత్సరం పరీక్షలు ఎండాకాలంలో జరగాల్సింది, హెడ్డాఫీసు వానాకాలానికి జరిపింది. వాగుల సంగతి మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఆమె ఒక్కతే వద్దని కాగితం రాసి పంపింది. జవాబు రాలేదు.

పరీక్షల ముందు డైరెక్టరుగారికి హెడ్డాఫీసు మీటింగు పడింది. ఆయన లేనప్పుడు బాధ్యత సూపరింటెండెంటుది కావడం ఆనవాయితీ. ఆయన నన్ను పిలిచి, "పని చూసేది ఆవిడ. ఇన్‌ఛార్జి కూడా ఆవిడే ఉండాలి. మీరు ఆవిడ వెనకాల ఉండండి" అన్నారు. నాకు కొంచెం చివుక్కుమంది. ఆ రోజు డైరీలో నన్ను ఆమెకు "ముందు" రాయాలా, "వెనక" రాయాలా అని చాలాసేపు ఆగాను.

ఆమె విషయం ఇంకొకటి ఉంది. ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. ఆ కాలంలో ఒక మెమో పడితే కొలువు ఉండవచ్చు, పోవచ్చు. అది ఆమెకు తెలుసు, మా అందరికీ తెలుసు.

ఇక ఆ శుక్రవారం. రాత్రంతా కురిసి, తెల్లారేసరికి వాగు పొంగింది. టెలిఫోను చచ్చిపోయింది. ఖమ్మం వైపు నుంచి రావలసినవారు ముందు రోజే వచ్చి ఉన్నారు. వాగు అవతలి గూడేల పంతుళ్లు మాత్రం తెల్లవారుజామునే బయలుదేరి, నీళ్లు చూసి ఒడ్డున నిలబడిపోయారు. సీనియర్ అసిస్టెంటు గొడుగేసుకుని వెళ్లి చూసి వచ్చాడు.

"దగ్గర దగ్గర సగం మంది అటే ఉన్నరు చెల్లే," అన్నాడు ఆమెతో. "పోయినసారి రెండు మార్కులతోని పోయిన ఆ పెద్ద పంతులు గూడ ఉన్నడు. ఈసారి గూడ పోతే ఆయనకు వయసు దాటిపోతది. మధ్యాహ్నానికి నీళ్లు తీస్తయి, మన వాగు సంగతి తెలిసిందే గద."

అబ్జర్వరు గడియారం చూసుకున్నాడు. హెడ్డాఫీసులో లెక్చరరు, చిన్న వయసు. చెడ్డవాడు కాదు. రూలు తప్పితే తన మెడకు చుట్టుకుంటుందన్న భయం మనిషి నిండా ఉంది. "స్టేట్ మొత్తం పదింటికే ఓపెన్ చేస్తరు. రానోళ్లు ఆబ్సెంట్. ఇందులో మనం ఆలోచించేదేముంది?" అన్నాడు.

ఆమె వాన వైపు చూస్తూ నిలబడింది. ఆమె ఏం ఆలోచిస్తోందో నాకు తెలిసింది. కట్టలు విప్పకపోతే పరీక్ష మొదలుకానట్టే. లోపలున్నవాళ్లను లోపలే ఉంచి, గేటు వేసి, బయట మనిషి ఎవరూ వాళ్లను కలవకుండా చూసుకుంటే, అవతలివాళ్లు వచ్చాక అందరికీ ఒకేసారి పెట్టవచ్చు. ఫోను లేదు, దారి లేదు, వేరే చోట్ల విప్పిన ప్రశ్నపత్రంలో ఏముందో వాగు అవతలికి చేరే మార్గం లేదు. చేయవచ్చు. చేస్తే ఎవరి మెడకు చుట్టుకుంటుందన్నదే ప్రశ్న.

ఆమె నోరు విప్పబోతుండగా వరండా చివర రైలు పట్టా ఖంగుమంది.

పొడుగ్గా, ఒకటే బెల్లు. పదయింది. అటెండరు గడియారం వైపు చూస్తూ కొట్టేశాడు.

హాల్లో కుర్చీలు కదిలాయి. అబ్జర్వరు, "అయిపాయె. బెల్లు పడింది. ఇగ కట్ట విప్పాల్సిందే" అన్నాడు. అతని ముఖంలో బరువు దిగినట్టయింది. అటెండరు సుత్తి పట్టుకుని మా వైపు చూశాడు. అప్పటికి గాని తాను ఏం చేశాడో అతనికి అర్థం కాలేదు. "నేను... పదయింది గదమ్మా..." అన్నాడు.

ఆమె అతని దగ్గరికి వెళ్లింది. "తప్పేం లేదన్నా," అంది. "టైమ్ చెప్పినవ్, అంతే. పరీక్ష బెల్లు నేను చెప్పినప్పుడు మల్ల కొడుదువు."

తరువాత అబ్జర్వరు వైపు తిరిగింది. "కట్టలు విప్పుతలేను సార్. వాగు తీసినంక అందరికీ ఒక్కసారే పెడత."

"ఎవరి ఆర్డర్ మీద?"

"నా ఆర్డర్ మీద."

ఆ ఆఫీసులో ఆ మాట అంతకు ముందు ఎవరూ అనలేదు.

అబ్జర్వరు గొంతు తగ్గించి అడిగాడు. "అవతల మీవాళ్లెవరన్న ఉన్నరా?"

"ఉన్నరు సార్. హాల్ టికెట్ ఉన్నోళ్లందరు మావాళ్లే. లోపట కూర్చున్నోళ్లు గూడ మావాళ్లే."

అతను నా వైపు తిరిగాడు. "పెద్దవారు, మీరన్నా చెప్పండి. సూపరింటెండెంటు మీరు కదా. మీరు విప్పమంటే విప్పుతరు."

అందరూ నన్నే చూశారు. ముప్పై ఏళ్ల సర్వీసులో నేను పలికిన అతి చిన్న వాక్యం, బహుశా అతి పెద్దది కూడా, అదే. "ఇన్‌ఛార్జి ఆమె," అన్నాను.

ఆ తరువాత పనులు వాటంతట అవే సాగినట్టు జరిగాయి. నిజానికి వాటంతట అవేమీ జరగలేదు. చేసినవాళ్లు ఉన్నారు. ఆమె హాల్లోకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. ఖమ్మం నుంచి వచ్చిన ఒక కుర్రవాడు, "మాకేంది శిక్ష? మేం టయానికి వచ్చినం గద!" అని లేచాడు. వెనక వరుసలో కూర్చున్న బొగ్గు గని కార్మికుడు ఒకాయన, "నిన్న రాత్రి నువ్వు మీ చుట్టాలింట్ల పండుకున్నవ్. వాళ్లు పొద్దుగాల్నుంచి వానల నిలబడ్డరు. కూసో రా నాయనా," అన్నాడు. కుర్రవాడు కూర్చున్నాడు. అటెండరు గేటుకు తాళం వేసి, ఎవరూ చెప్పకుండానే హాలు మొత్తానికి టీ కాచాడు. సుత్తిని మాత్రం తన దగ్గర పెట్టుకోలేదు. తెచ్చి ఆమె టేబులు మీద పెట్టాడు.

సీనియర్ అసిస్టెంటు కోసం చూస్తే లేడు. "ఆర్డర్ ఉందా" అని అడగకుండానే వెళ్లిపోయాడు. రోడ్డు పక్కన పొగాకు వేసే ఒక రైతు ఉండేవాడు, గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. ఆయన దగ్గర ట్రాక్టరూ మోకూ అడిగి తీసుకుని వాగు ఒడ్డుకు పోయాడని తరువాత తెలిసింది. మధ్యాహ్నం నీళ్లు నడుము లోతుకు తగ్గాక, మోకు ఈ చెట్టుకూ ఆ చెట్టుకూ కట్టి, ఒక్కొక్కరిని పట్టుకుని దాటించారు. ట్రాక్టరు మీద అందరూ వచ్చి దిగినప్పుడు, సీనియర్ అసిస్టెంటు ఛాతీ దాకా తడిసి ఉన్నాడు. పెద్ద పంతులుగారు హాల్ టికెట్‌ను తలగుడ్డలో చుట్టి నెత్తిన పెట్టుకుని వచ్చారు.

"ఏంది అన్నా, గొడుగు తీస్కపోలే?" అంది ఆమె సీనియర్ అసిస్టెంటుతో. ఆ రోజు ఆమె నవ్వడం అదొక్కసారే చూశాను.

"గొడుగు టేబుల్ కాడ ఉంది చెల్లే. నేను టేబుల్ కాడ లేను," అన్నాడు.

ఆమె సుత్తి అటెండరు చేతికిచ్చింది. బెల్లు పడింది. కట్టలు విప్పారు. పరీక్ష జరిగింది. అబ్జర్వరు ఒక మూల కూర్చుని చూశాడు, సాయంత్రం తన రిపోర్టు తాను రాసుకున్నాడు. అందులో అబద్ధమేమీ రాయలేదు. మా మీదికి మెమోలు తేవడానికి ఆ నిజమే చాలు.

తరువాత జరిగింది ఇక్కడే చెప్పేస్తాను, చివర చెప్పాల్సింది వేరే ఉంది. పరీక్షను రద్దు చేయలేదు. కానీ మెమోలు వచ్చాయి, ఆమెకూ డైరెక్టరుగారికీ. ఆమె ప్రొబేషన్ ఇంకో ఏడాది పొడిగించారు. ఆ ఏడాదంతా ఆమె పొద్దున వచ్చి మొదట టపా పెట్టె వైపు చూసేది. చివరకు కొలువు నిలబడింది. డైరెక్టరుగారికి రావలసిన సర్వీసు పొడిగింపు రాలేదు. ఆయన పెట్టె సర్దుకుని వెళ్లిపోయారు. నేను బస్టాండు దాకా వెళ్లాను. ఆ తరువాత వచ్చినవాళ్లలో కట్టేసేవాళ్లున్నారు, వదిలేసేవాళ్లున్నారు. వదిలేసేవాళ్లు తాము స్వేచ్ఛ ఇస్తున్నామనుకునేవారు. పని వాళ్ల చేతిలో పెట్టి, ఫలితం వచ్చేటప్పుడు కనబడకుండా పోతే, అది ఇవ్వడం కాదు. సీనియర్ అసిస్టెంటు మొదటి రోజు భయపడింది దానికే. అతని భయం తప్పు కాదు. ఒక్క మనిషి విషయంలోనే తప్పయింది.

మరునాడు ఉదయం.

డైరెక్టరుగారు బస్సు దొరక్క బొగ్గు లారీలో వచ్చారు. చెప్పులు చేతిలో ఉన్నాయి, పంచె మోకాళ్ల దాకా బురద. గదిలో ఆయన, ఆమె, సీనియర్ అసిస్టెంటు, నేను. జరిగినదంతా ఆమె చెప్పింది. ఆయన విన్నాక తెల్ల కాగితం తీసుకుని రాసి, మాకు చదివి వినిపించారు. తాను వెళ్లేముందు నోటిమాటగా ఇచ్చిన ఆదేశం ప్రకారమే పరీక్ష ఆలస్యంగా మొదలుపెట్టారని, బాధ్యత పూర్తిగా తనదేనని అందులో ఉంది.

నాకు ప్రాణం కుదుటపడింది. సీనియర్ అసిస్టెంటు అయితే కళ్లు తుడుచుకున్నాడు.

ఆమె మాత్రం, "సార్, మీరు గట్ల చెప్పలేదు గద," అంది.

"చెప్పలేదమ్మా. చెప్పాననే రాశాను. నాకింకేం చేస్తారు, ఇంటికి పోయే వయసు. నీకు ప్రొబేషను."

"అవ్ సార్. నాకు భయమైతాంది. రాత్రి అన్నం గూడ తినలె." ఆమె ఆ కాగితం వైపు చూసింది. "గాని మీ ఆర్డర్ మీదనే చేసిన అని రాస్తే, ఇంకోసారి వాగొచ్చిన్నాడు నేను మల్ల మీ ఆర్డర్ కోసం చూసుకుంట కూసోవాలె. మీరు ఆర్డర్ ఇయ్యలె అప్పుడు, నేనే చేసిన. నాకిచ్చిన దాన్ని మీరు మల్ల తీస్కుంటుండ్రు సార్."

ఆయన కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడిచారు. పంచెకు బురద ఉండటంతో అద్దాలు ఇంకా మసకబారాయి. ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి ఇంకోటి తీశారు. ఈసారి మూడే వాక్యాలు. నిర్ణయం ఇన్‌ఛార్జిది. నిర్ణయించే అధికారం ఆమెకు ఇచ్చింది నేను. నేను ఇక్కడ ఉన్నా, ఆమె అదే చేయాలని కోరుకునేవాణ్ణి.

కింద సంతకం చేసి, పక్కన కొంత జాగా వదిలి, కాగితం ఆమె వైపు తిప్పారు. ఆమె ఆయన సంతకం పక్కనే సంతకం చేసింది. కిందా కాదు, పైనా కాదు.

ఆ రోజు రెండో పేపరు. పదవుతోంది. అటెండరు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పెద్దసారు వచ్చేశారు కదా, అలవాటు కొద్దీ ఆయన్నే అడిగాడు.

"కొట్టాల్నా సార్?"

"నన్నడుగుతావేమయ్యా?" అన్నారు డైరెక్టరుగారు. "పరీక్షలు అయ్యేదాకా ఇన్‌ఛార్జి ఆవిడే."

ఆమె వరండాలోకి వెళ్లింది. మేము వెనక వెళ్లాం. గేటు దగ్గరికి ముందే చేరిన సీనియర్ అసిస్టెంటు, వాగు వైపు నుంచి వచ్చే దారిని చివరిదాకా చూసి, అందరూ వచ్చేశారన్నట్టు చెయ్యి పైకెత్తాడు. అటెండరు ఆ ఉదయం గడియారం వైపు చూడలేదు. ఆమె ముఖం వైపు చూస్తూ నిలబడ్డాడు.

"కొట్టన్నా," అంది ఆమె.